మూడొందల ఆల్చిప్పకి ఐదొందల ఫీజు

ముందే చెప్పేస్తాను. నేను పట్టుకెళ్లిన వస్తువు ఖరీదు మూడొందలని తేలింది. ఆ మాట కాగితం మీద రాసిచ్చినందుకు, రాళ్లూ శిలాజాలూ చూసి అవేమిటో చెప్పే మాస్టారు తీసుకున్నది ఐదొందలు. అయినా ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ తగ్గించిన ఒక్క స్టారూ ఫీజు కోసం కాదు, వేరే కారణాలున్నాయి, అవీ రాస్తాను.

విశాఖ పెదవాల్తేరులో ఒక పాత అపార్టుమెంటు రెండో అంతస్తులో, జియాలజీ చెప్పి రిటైరైన మాస్టారొకరు ఆదివారం పొద్దున్న ముందుగదిలో బల్ల వేసుకుని కూర్చుంటారు. మీ దగ్గరున్న రాయో, శిలాజమో, గవ్వో తీసుకెళ్తే అదేమిటో చెప్తారు. నోటిమాటగా అయితే ఒక్కో వస్తువుకి రెండొందలు. పేరు, వయసు, కొలతలు, బజారు ధర రాసి సంతకం పెట్టి ఇవ్వాలంటే ఐదొందలు. రత్నాలు చూడరు. నవరత్నాల ఉంగరం పట్టుకుని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపించేస్తారు. తన పేరు, నంబరు ఎక్కడా రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. నిజంగా అవసరం ఉన్నవాళ్లు అడిగితే, ఆయనకి చెప్పి అప్పుడు ఇస్తాను.

ఇక వస్తువు సంగతి. మా మామగారు ఓడల్లో ఇంజన్ రూములో పనిచేసేవారు. ఆయన ట్రంకు పెట్టెలో అగరొత్తుల డబ్బా ఒకటి, అందులో దూదిలో చుట్టిన నల్లటి వంకర చిప్ప, దానితో పాటు చిన్న చీటీ. చీటీ మీద ఆయన గుండ్రటి అక్షరాల్లో 'ఇమ్మింగ్‌హామ్, 1979' అని ఉంది, అంతే. ఆయన ఉన్నన్నాళ్లూ ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇప్పుడు మా బావమరిది దాన్ని చూసి "బావా, ఇది డైనోసార్ గోరు, లక్షల్లో ఉంటుంది" అని పట్టుకున్నాడు. ఫోనులో ఫొటో పెడితే ధర చెప్పే సైటు ఏదో ఉందట, అందులో నలభై వేలు చూపించింది. మా ఆవిడ మాత్రం "నాన్న వస్తువు అమ్మేది లేదు. కానీ అదేంటో తెలుసుకోండి, లేకపోతే వీడు నన్ను కూర్చోనివ్వడు" అంది.

నేను స్టీల్ ప్లాంటు ల్యాబులో రిటైరయ్యాను. జగ్గయ్యపేట నుంచి వచ్చే సున్నపురాయి, మాధారం నుంచి వచ్చే డోలమైటు, రోజూ వాటితోనే నా జీవితం గడిచింది. కాబట్టి చిప్ప చేతిలో పెట్టగానే ఇది సున్నం అని నాకు తెలుసు. నీళ్లలో ముంచి సాంద్రత కూడా చూశాను. బరువు 118 గ్రాములు, పక్కకి నెట్టిన నీళ్లు 44 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 2.7. సున్నపురాతిలో ఉండే ఖనిజం కాల్సైట్, దాని సాంద్రత 2.71. లెక్క సరిపోయింది. కానీ ల్యాబు లెక్క అందులో ఏముందో చెప్తుంది. ఏ జీవిది, ఎప్పటిది, ఎక్కడిది అనేవి చెప్పదు. దానికి చూసే కళ్లు వేరే ఉండాలి.

నేను వెళ్లేసరికి నాకు ముందు ఇద్దరున్నారు. ఒకాయన ఎర్రటి గుడ్డలో సాలగ్రామం పట్టుకొచ్చారు. ఒక కాలేజీ అమ్మాయి కైలాసగిరి కింద దొరికిన రాయి తెచ్చింది, దాని మీద ఎర్రటి చుక్కలున్నాయి, అవి చేప గుడ్ల శిలాజాలేమోనని ఆమె ఆశ. మాస్టారు లెన్సుతో చూసి నవ్వలేదు, అది నాకు నచ్చింది. ఆ చుక్కలు గార్నెట్లు అనే ఎర్రటి ఖనిజపు గింజలని చెప్పి, ఆమెనే లెన్సులోంచి చూడమన్నారు. విశాఖ కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్ అనే రాళ్లు. ఒకప్పుడు మట్టీ ఇసకా అయినా, భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిపోయి గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలు నిండిన రాళ్లుగా తయారయ్యాయి. చిప్పలున్న జీవులు పుట్టకముందు కథ అది. ఈ కొండల్లో గవ్వ శిలాజం వెతకడం అంటే ఉడికిన కోడిగుడ్డులో పిల్ల కోసం వెతకడమే. ఆ అమ్మాయి దగ్గర ఆయన ఫీజు తీసుకోలేదు. బీచిలో ఎర్రగా, నల్లగా చారలు తేలే ఇసక కూడా ఈ కొండలు అరిగి వచ్చిందేనని, ఎర్రవి గార్నెట్లు, నల్లవి ఎక్కువగా ఇల్మనైట్ అని అదనంగా ఇంకో పాఠం చెప్పారు. నా వంతు రావడానికి ఈ పాఠాల వల్లే ఆలస్యమైంది.

మరి బొర్రా గుహలు సున్నపురాయి కదా, అక్కడ ఉండవా అని నేను అడిగాను. ఆ సున్నపురాయి కూడా అలాగే ఉడికి మారిపోయిందే, అందులోనూ గవ్వలు దొరకవు అన్నారు. మనకి దగ్గర్లో సముద్రపు చిప్పల శిలాజాలు చూడాలంటే రాజమండ్రి వైపు పోవాలి. గోదావరికి ఈ పక్క కాతేరు, ఆ పక్క పంగిడి, దుద్దుకూరు. నల్లమెటల్ క్వారీలు ఉన్న చోటే. ఆ నల్లరాయి దక్కను లావా, సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. లావా పొరల కిందా మధ్యా సన్నటి సున్నపురాతి పొరలున్నాయి, వాటిలో గవ్వలు. మాస్టారు బల్ల సొరుగులోంచి దుద్దుకూరు ముక్క ఒకటి తీసి చూపించారు. నిండా సన్నగా పొడుగ్గా మరలు తిరిగిన నత్తలు, టరిటెల్లాలు. సముద్రం ఒకప్పుడు అక్కడిదాకా వచ్చిందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి! నల్లమెటల్ రోడ్ల మీద ఇన్నేళ్లు తిరిగాను, ఆ రాళ్ల కింద గవ్వల పొర ఉందని ఎవరూ చెప్పలేదు.

సాలగ్రామం ఆయన సంగతి క్లుప్తంగా చెప్తాను. నేపాల్లో కాళీ గండకి నది ఒడ్డున దొరికే ఆ నల్లటి గుండ్లలో ఉండేది అమ్మోనైట్ అనే సముద్రజీవి చిప్ప. హిమాలయాలు లేవక ముందు అక్కడ సముద్రం ఉండేది. మాస్టారు ఆ చక్రం గాడుల్ని లెన్సుతో చూసి, ఉలి గుర్తులు లేవు, గీతలు యంత్రంతో గీసినంత సమానంగానూ లేవు, కాబట్టి చెక్కిన నకిలీ కాదు, అసలుదే అని చెప్పారు. తెచ్చినాయన దాని ఖరీదెంత ఉంటుందని అడిగారు. "పూజలో పెట్టుకునే దానికి నేను రేటు కట్టను, బాబూ. ఏమిటో చెప్పమంటే చెప్తాను" అన్నారు మాస్టారు. తెచ్చినాయన కాస్త చిన్నబుచ్చుకున్నారు. నాకైతే అది సరైన జవాబే అనిపించింది.

నా వంతు వచ్చింది. డబ్బా తెరిచీ తెరవగానే ఆయన మొహంలో గుర్తుపట్టిన వెలుగు కనిపించింది. అయినా వెంటనే పేరు చెప్పలేదు. పాత టూత్‌బ్రష్షుతో, తడి లేకుండా, పైపైన దుమ్ము దులిపారు. వెర్నియర్‌తో కొలిచారు: పొడవు 6.8 సెంటీమీటర్లు. తర్వాత నా వైపు తిప్పి "ఏం కనిపిస్తోంది?" అన్నారు. డబ్బులు ఇచ్చేది నేను, పరీక్ష కూడా నాకేనా అనుకున్నాను గానీ చెప్పాను. బోటు అడుగులా వంగిన దళసరి చిప్ప. ఒక చివర కొక్కెంలా లోపలికి చుట్టుకుపోయింది. పైన అడ్డంగా ముడతలు ముడతలుగా గీతలు. లోపల గుల్ల లేదు, బూడిదరంగు మట్టి గట్టిపడి రాయై కూర్చుంది.

అక్కణ్ణుంచి ఆయన ఒక్కొక్కటే కలిపారు. ఇది రెండు చిప్పలుండే జీవి, నత్త కాదు. మనకి దొరికింది ఎడమ చిప్ప. కుడి చిప్ప చిన్నగా, బల్లపరుపుగా మూతలా ఉంటుంది, అది ఇందులో లేదు. రెండు చిప్పలూ ఒకేలా ఉండే జీవుల్ని పక్కన పెట్టేయొచ్చు. కొక్కెం పక్కకి మెలి తిరిగితే ఎక్సోగైరా అనే వేరే రకం అనాలి. ఇది పక్కకి పోకుండా నిటారుగా తనమీదికే చుట్టుకుంది. చిప్ప మీద ఒక పక్కగా నిలువునా లోతైన గాడి ఉంది. కొక్కెం చివర అతుక్కున్న మచ్చ చాలా చిన్నది. ఇవన్నీ కలిపితే గ్రైఫియా. సన్నగా, బాగా చుట్టుకుని ఉంది కాబట్టి గ్రైఫియా ఆర్క్యుయేటా. ఆల్చిప్పల బంధువు. ఇంగ్లండులో పల్లెజనం దీన్ని దెయ్యం కాలిగోరు అనేవాళ్లు, కీళ్లనొప్పులకి జేబులో వేసుకుని తిరిగేవాళ్లు కూడా ఉండేవారట. మా బావమరిది గోరు అన్నది మరీ తప్పేం కాదన్నమాట, కాకపోతే జంతువు మారింది.

వయసు జురాసిక్ మొదటి భాగం, సుమారు 19 నుంచి 20 కోట్ల ఏళ్లు. లోతు లేని సముద్రంలో, మెత్తటి బురద మీద బతికేది. పిల్లగా ఉన్నప్పుడు ఏదో చిన్న చిప్ప ముక్కకి అతుక్కుని, పెద్దయ్యాక విడిపోయి, ఈ బరువైన వంపు చిప్పని బురదలో ఆనించి, పైన మూత తెరిచి నీళ్లు వడగట్టుకుని తినేది. కొక్కెం దగ్గర మచ్చ ఎందుకుందో అప్పుడు అర్థమైంది. చిప్ప అంతా కాల్సైట్ కాబట్టే ఇంత గట్టిగా మిగిలింది. అదే కాలంలో అరగొనైట్ చిప్పలున్న జీవులు చాలావరకు కరిగిపోయి అచ్చులు మాత్రమే మిగిల్చాయి. అరగొనైటూ కాల్సైటూ రెండూ ఒకే సున్నం, అల్లిక వేరు. ముప్పై ఏళ్లు నేను రెండిటినీ కాల్షియం ఆక్సైడ్ శాతంగా మార్చి రిజిస్టర్లో రాశాను. ఏది నిలబడుతుంది, ఏది కరిగిపోతుంది అనేది ఆ శాతంలో కనపడదు.

ఆ తర్వాత మాస్టారు దారి తప్పి పాఠంలోకి వెళ్లారు, కానీ ఈసారి నాకు విసుగు రాలేదు. 1922లో ట్రూమన్ అనే శాస్త్రవేత్త ఈ చిప్పల్ని పొరలవారీగా పోగుచేసి, కాలం గడిచేకొద్దీ ఇవి ఎక్కువెక్కువగా చుట్టుకుంటూ పోయాయని చూపించాడు. దాంతో కొందరు ఇంకో మెట్టు ఎక్కారు. చుట్టుకుని చుట్టుకుని చివరికి మూత తెరుచుకోకుండా పోయి చచ్చాయని చెప్పారు. కథ బావుంది, పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. 1959లో హాలమ్ అనే ఆయన మళ్లీ కొలిచి, లెక్క అలా లేదన్నాడు. 1972లో గూల్డ్ అనే శాస్త్రవేత్త కూడా దాని మీద రాశాడు. నాకు నచ్చిందేమిటంటే, ఇంత గొడవ నడవడానికి కారణం ఈ చిప్ప అపురూపం కావడం కాదు, బోలెడు దొరకడం. వందలకొద్దీ నమూనాలుంటేనే కదా సగటు తీసేది, తీసిన సగటుని ఇంకొకడు కొట్టేసేది! ఒక్క శాంపిలుతో ఏ ల్యాబూ మాట్లాడదు.

ఇది ఇంగ్లండుదేనా, మన అరియలూరుది కాకూడదా అని నేను అడ్డుపడ్డాను. తమిళనాడు అరియలూరు సిమెంటు గనుల్లో ఇలాంటి చిప్పలు దొరుకుతాయని విన్నాను. మాస్టారు సంతోషించారు. అరియలూరువి క్రెటేషియస్ కాలానివి, వీటికంటే చాలా తర్వాతవి. అక్కడి చిప్పలు వెడల్పుగా, ఉబ్బుగా ఉంటాయి, ఇంత సన్నటి బిగువైన చుట్టు ఉండదు. రంగు కూడా తేలికగా, పసుపు తెలుపుల్లో ఉంటుంది. 1860ల్లో, 1870ల మొదట్లో జియలాజికల్ సర్వే తరఫున స్టోలిచ్కా అనే ఆయన ఆ అరియలూరు చిప్పల్ని వర్ణిస్తూ పెద్ద పెద్ద సంపుటాలు రాశాడని, ఇప్పటికీ వాటినే తిరగేస్తామని చెప్పారు. మన చిప్ప లోపలి మట్టిని సూదితో కాస్త గీరి కాగితం మీద రాల్చారు. బూడిదరంగు పొడిలో తుప్పు రంగు రేణువులు.

"ఇమ్మింగ్‌హామ్ అన్నారు కదూ. దాని వెనక స్కన్‌థార్ప్ ఉంది, తెలుసా?" అన్నారు.

తెలియకేం! స్కన్‌థార్ప్ ఉక్కు ఊరు, మా కబుర్లలో వచ్చే పేరే. ఇమ్మింగ్‌హామ్ ఆ ఫ్యాక్టరీకి ఖనిజం దిగే రేవు. తెలియనిది ఏమిటంటే, ఆ ఊరి అధికారిక చిహ్నం మీద ఉన్నది ఈ గ్రైఫియానే. 1859లో అక్కడ ఇనుపరాయి ఉందని గుర్తించారు. ఫ్రాడింగ్‌హామ్ ఇనుపరాయి అంటారు. జురాసిక్ సముద్రంలో పేరుకున్నది, ఇనుము తక్కువ, సున్నం ఎక్కువ, నిండా ఈ చిప్పలు. నేను కుర్చీలో ముందుకు జరిగాను. బ్లాస్ట్ ఫర్నేసులో సున్నపురాయి ఎందుకు వేస్తామో తెలిసినవాళ్లకి ఇక్కడ విషయం అర్థమవుతుంది. ఖనిజంలోని సిలికాని స్లాగ్‌గా, అంటే కరిగిన మడ్డిగా, లాగేయడానికి. మనం దాన్ని జగ్గయ్యపేట నుంచి రైల్లో తెచ్చుకుంటాం. వాళ్లకి అప్పట్లో సొంత ఖనిజంలోనే సున్నం ఉండేది కాబట్టి, నార్తాంప్టన్ వైపు సిలికా ఎక్కువున్న రాయిని దీనితో కలిపి, బయటి సున్నం అవసరం బాగా తగ్గించుకున్నారు. ఆ సున్నంలో ఒక వాటా ఈ చిప్పలది. మా మామగారి డబ్బాలోది కొలిమిలోకి వెళ్లకుండా తప్పించుకున్నదన్నమాట.

ఇది నా ఆనందం, మీకు ఉండాలని లేదు. ధర దగ్గరికి వద్దాం.

మాస్టారు అయిదారు విషయాలు చూసి ధర కడతారు. ఎంత దొరుకుతుంది, ఎంత పూర్తిగా ఉంది, రెండు చిప్పలూ ఉన్నాయా, అతికించిన జాడలూ పూసిన రంగులూ ఉన్నాయా, పరిమాణం, ఎక్కడ దొరికిందో రుజువు. గ్రైఫియా ఇంగ్లండులో బీచిల్లో, పొలాల్లో ఏరుకునేంత మామూలు, కాబట్టి మొదటి దాంట్లోనే ధర కింద కూర్చుంది. కుడి చిప్ప లేదు, ఇంకాస్త తగ్గింది. అంచు ఒక చోట చిట్లింది, పాతదే. బాగు చేసిన జాడ లేదు, అది మంచిది. చీటీ ఉంది, అది కాస్త పైకి లేపింది. 'ఈ దేశంలో కొనేవాడు దొరికితే రూ. 300. మూత చిప్ప ఉండి ఉంటే రూ. 1,000 వరకు' అని రాశారు. కింద ఇంకో వాక్యం: 'చీటీని చిప్ప నుంచి విడదీయవద్దు.' నలభై వేలు చూపించిన సైటు గురించి చెప్తే, అవి అడిగిన ధరలు, అమ్ముడైన ధరలు కావు అన్నారు. ఒకడు ఎంత రాసుకున్నా రాసుకోవచ్చు, డబ్బు చేతులు మారినప్పుడే అది ధర.

వయసుకీ ధరకీ సంబంధం లేదన్న మాట మన జనానికి ఎక్కదు. ఇరవై కోట్ల ఏళ్లంటే ఇరవై లక్షలైనా ఉండాలని మా బావమరిది లెక్క. మన ఇంటి వెనక ఖోండలైట్ రాయి దానికంటే ఎన్నో రెట్లు పాతది, లోడు ఎంతకి పోస్తున్నారో అడిగి చూడండి.

అదే రోజు రెండో వస్తువు కూడా చూపించాను, నోటిమాటకి రెండొందలు కట్టి. మా అమ్మాయి ఆన్‌లైన్లో మూడువేల ఎనిమిది వందలు పెట్టి కొన్న అమ్మోనైట్ జత. నత్తలా చుట్టుకున్న చిప్పని నడిమికి కోసి మెరుగుపెట్టినది. లోపల గదులు గదులుగా తేనెరంగు, తెలుపు. డబ్బా మీద 'అత్యంత అరుదైన మ్యూజియం నాణ్యత' అని ఉంది. మాస్టారు చూసి, మడగాస్కర్ వాయవ్య భాగంలో మహజంగా వైపు నుంచి వచ్చే క్లియోనిసెరస్ రకం, సుమారు 11 కోట్ల ఏళ్లు, వస్తువు అసలుదే అన్నారు. ప్రపంచంలో రాళ్లమ్మే ప్రతి దుకాణంలోనూ ఇవే ఉంటాయి, కాబట్టి అరుదు అన్న మాట ఒక్కటీ కొట్టేయమన్నారు.

అసలుదని ఎలా అన్నారో అడిగాను. గదుల మధ్య గోడలు ఉన్నాయి, చివరి గది ఖాళీగా పొడుగ్గా ఉంది, జీవి ఉండేది అందులో. గదుల్ని కలుపుతూ పోయే సన్నటి గొట్టం చిప్ప బయటి అంచునే నడుస్తోంది. ఇప్పటికీ సముద్రంలో బతికున్న దాని చుట్టం నాటిలస్ అయితే, ఆ గొట్టం గోడల మధ్యలోంచి పోతుంది. బయటివైపు మెరుగు కింద గోడ అతుకు గీత ఆకు అంచులా చీలికలు చీలికలుగా కనిపించింది. నాటిలస్‌కి అది మామూలు వంపు గీతే. నకిలీ చేసేవాడు చక్రం చెక్కగలడు గానీ ఈ గీత చెక్కడానికి కూర్చోడు. తర్వాత గది తలుపు వేసి యూవీ టార్చి వేశారు. నడిమి దగ్గర వేలిగోరంత మేర నీలంగా వెలిగింది. కాల్సైట్ కూడా ఒక్కోసారి వెలుగుతుంది, అందుకే వేడి సూది మొన అక్కడ తాకించారు, జిగురు వాసన వచ్చింది. గుంట పడిన చోట అమ్మేవాళ్లు రెసిన్ అనే జిగురు నింపారన్నమాట. అది మోసం కాదు, చెప్పకపోవడం మోసం. రెండువేల అయిదొందలకి కొనుంటే బావుండేదన్నారు. మా అమ్మాయికి ఈ మాట ఇంకా చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

నాటిలస్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. బీచి దగ్గర గవ్వల దుకాణాల్లో ఎవరైనా నాటిలస్ చిప్ప చూపిస్తే కొనకండి. అది వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. శిలాజం వేరు, ఇప్పటి జీవి వేరు, చట్టం దగ్గర 'తెలియక కొన్నాను' పనిచేయదు. అలాగే ఎర్రమట్టి దిబ్బల నుంచి ఏమీ ఏరుకు రావద్దని మాస్టారు వచ్చినవాళ్లందరికీ చెప్తున్నారు. అది భూవారసత్వ స్థలం.

ఇక తగ్గించిన స్టారు. మొదటిది, ఫోను ఎత్తరు. మెసేజి పెడితే మర్నాడు 'రండి' అని ఒక్క మాట, ఎప్పుడు రావాలో ఉండదు. రెండోది, లిఫ్టు లేదు, మెట్లు నిలువుగా ఉన్నాయి. మోకాళ్లు బాగాలేనివాళ్లు ఆలోచించుకోండి. కాలిగోరు జేబులో వేసుకున్నా నాకు పనిచేయలేదు. మూడోదే అసలు ఫిర్యాదు: ఆయనిచ్చే కాగితంలో ఫొటో లేదు. కొలతలున్నాయి, బరువుంది, సంతకం ఉంది, కానీ ఆ కాగితం ఏ చిప్ప గురించో రేపు ఎవరైనా అడిగితే రుజువు లేదు. ల్యాబులో శాంపిలు నంబరు లేని రిపోర్టు మేం చెత్తబుట్టలో వేసేవాళ్లం. ఈ మాట ఆయనతో అన్నాను. "ఫొటో మీరు తీసి అంటించుకోండి, మీద సంతకం పెడతాను" అన్నారు. అక్కడికక్కడే ఫోనులో తీసి, కింద జెరాక్సు కొట్లో ప్రింటు వేయించి, మళ్లీ మెట్లెక్కాను. సంతకం పెట్టారు. ఐదొందలు తీసుకునేవాళ్లు ఈ పని తమంతట తాము చేయాలి.

యాసిడ్ దగ్గర కూడా కాస్త వాదన జరిగింది. ఆయన పలచటి హైడ్రోక్లోరిక్ చుక్క వేయబోతే పైన వద్దన్నాను, ముడతలు పోతాయని. ఆయన కొంచెం నొచ్చుకుని, చిట్లిన అంచు లోపలి వైపు, ఆవగింజంత చోట వేశారు. బుసబుసమంది. వెంటనే నీళ్లతో కడిగారు. మీరు కూడా ఎక్కడ వేయాలో ముందే చెప్పండి. ఇంట్లో వెనిగర్‌లో నానబెట్టి 'శుభ్రం' చేసి తీసుకెళ్లేవాళ్లు కొందరున్నారట. సున్నపు చిప్పని వెనిగర్‌లో వేస్తే శుభ్రం కాదు, కరగడం మొదలవుతుంది.

వెళ్లేవాళ్లకి: పది దాటాక వెళ్లండి, ఒంటిగంట లోపే బయటపడండి, ఆ తర్వాత ఆయన భోజనానికి లేచేస్తారు. చిల్లర తీసుకెళ్లండి, ఫోను చెల్లింపులు లేవు. చిప్పతో పాటు పాత డబ్బా, చీటీ, రసీదు ఏదున్నా సరే పారేయకుండా పట్టుకెళ్లండి. ఒకేసారి అయిదారు వస్తువులు తీసుకెళ్తే నాలుగో దాని నుంచి శ్రద్ధ తగ్గుతుంది, నా కళ్లముందే ఒకాయనకి జరిగింది, కాబట్టి రెండు మించి వద్దు. గుమ్మం పక్కన చెప్పుల స్టాండు కింద రాళ్ల బుట్ట ఒకటుంటుంది. అవి అమ్మకానికి కాదు, అడిగితే చిరాకుపడతారు.